ప్లగ్గు ఎండిపోయింది: పాత మారుతిలో పెట్రోలు యాడ ఆగింది?

[తెర నల్లగా. సెల్ఫ్ తిరిగే చప్పుడు మాత్రమే. ఒకసారి. ఇంకోసారి. మూడోసారికి నీరసించిపోతుంది.]

[వెలుతురు. అనంతపురంలో ఒక ఇంటి ముందు వేపచెట్టు నీడ. తెల్ల మారుతి 800, బానెట్ ఎత్తి ఉంది.]

నేను: విన్నారు కదా. సెల్ఫ్ బాగానే తిరుగుతాంది, ఇంజన్ మాత్రం అందుకోలేదు. ఇంకా కొడితే బ్యాటరీ కూడా పోతాది, అప్పుడు ఒక రోగం కాస్తా రెండు రోగాలైతాయి. అందుకే తాళంచెవి తీసి జేబులో వేసుకున్నా.

ఈ బండి మా నాయన 1997లో తీసుకున్నాడు. 796 సీసీ, మూడు సిలిండర్లు, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు ఇచ్చే కార్బొరేటర్ ఉన్న బండి. పోయినేడు ఇట్లనే మొరాయిస్తే తాడు కట్టి ఒక షెడ్డుకు లాక్కపోయినా. వాళ్లు ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ మార్చిరి. పెట్రోలు పంపు మార్చిరి. కార్బొరేటర్ విప్పి కడిగిరి. బిల్లు మీద బిల్లు. రెండు దినాలు నడిచి మళ్లా ఆగె. అసలు తప్పు పట్టింది మా మామ. అదేందో ఇప్పుడే చెప్పను.

[మామ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. కెమెరాను పట్టించుకోడు.]

ఈ పొద్దు ఏం జరిగిందంటే, నేను లేచేలోపు మామ వచ్చి బండికి ఏదో ఒకటి చేసినాడు. ఏం చేసినాడో నాకు తెలీదు. స్టార్ట్ చేసి, అదే ఆగిపోయేదాకా నడిపి, తాళంచెవి నా చేతిలో పెట్టినాడు. కనుక్కోవల్ల. ఒక్క సామాను కూడా కొనకూడదు. అదీ పందెం.

మామ: పెట్రోలు సంబంధమే అల్లుడా. అంతవరకు చెప్తా. ఇంక నన్ను అడగొద్దు.

నేను: ట్యాంకీలో ఉందా మామా? ముల్లు సగం చూపిస్తాంది.

మామ: పాతికేండ్లు దాటిన ముల్లును నమ్ముతావా?

[ట్యాంకీ మూత తీస్తాడు. కారును పక్కకు ఊపుతాడు. గలగలమన్న చప్పుడు.]

నేను: ఉంది. దీన్ని తక్కువగా చూడొద్దు. ట్యాంకీ లోపలి తేలే బుడ్డి ఇరుక్కుంటే ముల్లు సగంలోనే నిలబడిపోతాది, ట్యాంకీ ఖాళీగా ఉన్నా సరే. మూత తీసినప్పుడు ఇంకొకటి కూడా వినాల. లోపలికి గాలి పీల్చుకున్నట్టు 'స్‌స్‌' అని గట్టిగా వస్తే ట్యాంకీకి ఊపిరాడలేదని అర్థం. పెట్రోలు బయటికి పోయిన కొద్దీ లోపలికి గాలి రావల్ల. ఆ దారి మూసుకుంటే పంపు ఎంత పీల్చినా పెట్రోలు కదలదు. అట్లాంటి బండి రోంత దూరం నడిచి ఆగుతాది, మూత తీసి పెడితే మళ్లా నడుస్తాది. మనదాంట్లో చప్పుడు రాలేదు. మూత తప్పు కాదు.

[ఇంజన్ దగ్గర. ప్లగ్ స్పానర్.]

ఇప్పుడు ప్లగ్గు. పెట్రోలు పైపు ఒక్కటి కూడా విప్పకముందే కరెంటు చూసుకోవల్ల. నిప్పురవ్వా, పెట్రోలు ఆవిరీ ఒకచోట కలవకూడదు కాబట్టి ఈ వరస. ప్లగ్గు తీసి, వైరుకు తగిలించి, దాని ఇనుప ఒళ్లు ఇంజనుకు ఆనించి పెట్టినా. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు. ఇంట్లో వాళ్లనెవరినైనా సెల్ఫ్ కొట్టమనండి.

[నీలి నిప్పురవ్వ టక్ టక్ మంటుంది.]

కరెంటు ఉంది. సరే. అసలు సాక్షి ఇది కాదు, ప్లగ్గు మొన. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి.

[ప్లగ్గు మొన దగ్గరగా. పొడిగా ఉంది.]

పొడిగా ఉంది. అన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా తడి లేదు, వాసన లేదు. అంటే పెట్రోలు సిలిండర్ దాకా రాలేదు. సగం కేసు ఈడనే తేలిపాయ. ఇదే మొన తడిసి, పెట్రోలు వాసన గుప్పుమంటే దారి వేరు. పెట్రోలు తక్కువై కాదు, ఎక్కువై ఆగినట్టు. చోక్ (చల్లని ఇంజనుకు గాలి తగ్గించే మీట) లాగి మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొడితే ఇట్లనే అయితాది. కార్బొరేటర్ లోపల పెట్రోలును ఆపే నీడిల్ మూసుకోకుండా కారుతున్నా అంతే. అప్పుడు చోక్ పూర్తిగా లోపలికి తోసి, యాక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టి, కదిలించకుండా సెల్ఫ్ కొట్టండి. గాలి ఎక్కువగా పోయి తడి ఆరుతాది. పెడల్ మాటిమాటికి కొట్టినారంటే ప్రతి తొక్కుకూ ఇంకొంచెం పెట్రోలు పోసినట్టే. మా నాయన అదే చేసేవాడు, పైగా దేవుడా దేవుడా అనుకుంటా.

[నేల మీద సుద్దముక్కతో గీత గీస్తాడు: ట్యాంకీ, ఫిల్టర్, పంపు, కార్బొరేటర్.]

మన జిల్లాలో హెచ్చెల్సీ కాలువ కింద మడి ఉన్న రైతుకు ఈ బొమ్మ చెప్పనక్కరలేదు. తుంగభద్ర నీళ్లు వదిలినారని పేపర్లో వస్తాది, చివరి మడికి మాత్రం చుక్క రాదు. అప్పుడు ఆయన ఏం చేస్తాడు? గట్టు పట్టుకుని ఎగువకు నడుస్తాడు. ఈ తూము దగ్గర నీళ్లు ఉన్నాయా? లేవు. పై తూము దగ్గర? ఉన్నాయి. అట్లయితే అడ్డం ఈ రెండిటి మధ్యనే. కాలువ మొత్తం తవ్వడు కదా. పోయినేడు నా బండికి ఆ షెడ్డులో కాలువ మొత్తం తవ్విరి.

మనం కూడా ఎగువకు నడుస్తాం. మొదటి తూము కార్బొరేటర్.

[ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తాడు. టార్చి వెలుగు.]

తాళంచెవి తీసే ఉంది. పైనుంచి టార్చి వేసి, యాక్సిలరేటర్ కేబుల్ ఉన్న లీవర్ను చేత్తో లాగండి. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఉంటే సన్న దార ఒకటి లోపలికి చిమ్ముతాది. కల్లాపి చల్లినట్టు కనిపిస్తాది. రెండుసార్లు లాగినా...

[ఏమీ రాదు.]

లేదు. గిన్నె ఎండింది. ఒకవేళ దార వచ్చి కూడా బండి అందుకోకపోతే జెట్లు, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రాల ముక్కలు, చూసుకోవల్ల. నెలల తరబడి నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆరి జిగురైతాది, జెట్ల రంధ్రాలు పూడిపోతాయి. డ్రిప్పు పైపుకు ఉప్పు పట్టి చుక్క రాకుండా పోయేది చూసింటారు, అదే కథ. జెట్టును గాలి కొట్టి శుభ్రం చేయండి, ఇనుప తీగ పెట్టి పొడవొద్దు. రంధ్రం వెంట్రుక వాసి పెద్దదైనా కొలత తప్పుతాది.

మామ: సొలెనాయిడ్ సంగతి చెప్పలేదే.

నేను: చెప్తాండా. కార్బొరేటర్ పక్కన వైరు తగిలించిన చిన్న బుడిపె ఉంటాది. తాళంచెవి తిప్పితే టిక్కుమంటాది. టిక్కు రాకుంటే బండి నెమ్మదిగా నిలబడి తిరగలేదు, కాలు తీస్తే ఆగుతాది. మనది అది కాదు, మనకు గిన్నెలోనే లేదు.

పై తూముకు పోదాం. పంపు. ఇంజన్ తిరిగినప్పుడు క్యామ్‌షాఫ్ట్ దీని చేయిని పైకీ కిందికీ ఆడిస్తాది, లోపలి రబ్బరు పొర పెట్రోలును ట్యాంకీ నుంచి పీల్చి కార్బొరేటర్‌కు తోస్తాది. కరెంటుతో పని లేదు.

[కాయిల్ దగ్గర.]

ముందు కాయిల్‌కు పోయే సన్న వైరు పీకేస్తాండా, నిప్పురవ్వ పుట్టకూడదు. పంపు నుంచి కార్బొరేటర్‌కు పోయే పైపును కార్బొరేటర్ దగ్గర విప్పి, దానికి ఇంకో పొడుగు పైపు తగిలించి, ఇంజనుకు దూరంగా పెట్టిన సీసాలోకి వదలండి. ఇంజన్ చల్లగా ఉండల్ల. పక్కన ఇసుక బకెట్ పెట్టుకోండి. బీడీ తాగే పెద్దాయన ఉంటే లోపల కూర్చోబెట్టి టీవీ పెట్టండి.

[సెల్ఫ్. పైపు నుంచి సీసాలోకి నాలుగు చుక్కలు, బుడగలు.]

చూసినారా? పంపు బాగుంటే గుటకలు గుటకలుగా దార పడల్ల. మనకు నాలుగు చుక్కలు, మిగతాదంతా బుడగలు. పోయినేడు షెడ్డులో ఈడనే "పంపు పాయ" అని తీర్మానం చేసిరి. పంపు పోయిందా, పంపుకే అందలేదా అన్నది అడగలేదు.

ఎట్ల తెలుసుకోవల్ల? పంపుకు వచ్చే పైపు విప్పి, చిన్న సీసాలో శుభ్రమైన పెట్రోలు పోసి, దాంట్లోనుంచి పంపుకు ఇంకో పైపు తగిలించండి. కార్బొరేటర్ వైపు పైపు సీసాలోనే ఉంది.

[సెల్ఫ్. దార గుటకలుగా పడుతుంది.]

ఆహా! పంపు శుభ్రంగా లాగుతాంది. పంపు తప్పు కాదు.

ఒకవేళ ఇప్పుడు కూడా లాగకపోయి ఉంటే రబ్బరు పొర చూసేవాణ్ణి. అది చినిగితే పంపు ఒంటికి ఉన్న చిన్న రంధ్రం నుంచి పెట్రోలు కారొచ్చు, లేదా ఇంజన్ ఆయిల్లో కలవొచ్చు. ఆయిల్ మట్టం చూసే కమ్మీ, డిప్‌స్టిక్, తీసి వాసన చూడండి. ఆయిల్ పెట్రోలు వాసన కొట్టి, మట్టం ఉండాల్సినదానికంటే పైకి ఉంటే ఆ ఇంజన్ను అసలు తిప్పొద్దు. పంపు బాగు చేసి, ఆయిల్ మార్చినాకనే.

[బానెట్ మూసి, కారు వెనక్కి నడుస్తాడు. మధ్యలో ఆగుతాడు.]

ఇంకొక మాట, ఎండాకాలం బండ్ల గురించి. మే నెలలో తాడిపత్రి నుంచి వస్తా బుక్కరాయసముద్రం దగ్గర చెరకురసం కోసం ఆపినా. కాలు గంట. తిరిగొచ్చి కొడితే అందుకోలేదు. బయట నలభై డిగ్రీలు దాటింటే బానెట్ కింద ఇంకెంతో! పెట్రోలులో తేలిక భాగం దాదాపు నలభై డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాది. పంపులో ఆవిరి చేరితే రబ్బరు పొర దాన్నే నొక్కుతా వదులుతా ఉంటాది, పెట్రోలు కదలదు. ఆ పొద్దు పంపు మీద తడిగుడ్డ వేసి, బానెట్ ఎత్తి, ఇంకో గ్లాసు చెరకురసం తాగినా. అరగంటకు స్టార్టయింది. వేడి ఇంజన్ మీద చెంబుతో నీళ్లు కుమ్మరించేవాళ్లు ఉండారు, ఆ పని చేయొద్దు. ఎండకు ఆగి, చల్లబడితే నడిచే బండికి సామాన్లు మార్చొద్దు. ఈ పొద్దు మాత్రం ఇంజన్ చల్లగానే ఉంది కాబట్టి ఆవిరి లెక్కలోకి రాదు.

ఇంక మిగిలింది పంపుకూ ట్యాంకీకీ మధ్య. ఫిల్టర్ ఒకటి, పైపులు.

[ఫిల్టర్ విప్పి వెలుతురుకు పెట్టి చూస్తాడు.]

ఫిల్టర్లో రోంత మడ్డి ఉంది, అయినా ఊదితే గాలి పోతాంది. ఇది పెట్రోలు పూర్తిగా ఆరినాక ఊదినా, నోరు పెట్టకుండా సైకిల్ పంపుతో. నోటితో పెట్రోలు పీల్చే అలవాటు ఉన్నవాళ్లు మానేయండి. ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుటక పోయినా ఆసుపత్రే. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఉంటాది, అది పంపు వైపు చూడల్ల.

మడ్డి మాట వచ్చింది కాబట్టి: 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ తేమను పట్టుకుంటాది, పాత ట్యాంకీలో ఏండ్లుగా అంటుకున్న మురికిని కదిలిస్తాది. ఆ మురికి వచ్చి ఫిల్టర్లో కూర్చుంటాది. దానికి తట్టుకునే రబ్బరు కాకపోతే పైపు ఉబ్బడమో, బిరుసెక్కి బీటలు పడడమో జరుగుతాది. పాత బండి ఉన్నవాళ్లు పైపుల మీద చేయి పెట్టి చూసుకోండి.

[మామ వైపు చూస్తాడు. మామ టీ గ్లాసులోకి చూస్తున్నాడు.]

మామ మొహం చూస్తే దగ్గరికొచ్చినట్టే ఉంది. కింద పెట్రోలు కారిన మరక లేదు. మరి పైపు పగిలిందని ఎట్ల తెలుస్తాది? ఈడ జనం మోసపోయేది. పంపు తర్వాత పైపు పగిలితే పెట్రోలు బయటికి కారుతాది. పంపుకు ముందు పైపు పగిలితే, ఆడ పంపు పీలుస్తాంది కాబట్టి బయటి గాలి లోపలికి పోతాది. చుక్క కూడా కారకపోవచ్చు. చీలిన స్ట్రాతో మజ్జిగ తాగినట్టు. సీసాలో వచ్చిన బుడగలు ఇవే.

[కారు కింద, వెనక చక్రం దగ్గర. రబ్బరు పైపును వేళ్లతో వంచుతాడు. బీట నోరు తెరుస్తుంది.]

దొరికింది! మామూలుగా చూస్తే ఏమీ కనపడదు, వంచితే చూడండి. ఈ మరక... మామా, ఇది పోయినేటి పైపు కదా?

మామ: నువ్వు పారేయమంటివి. నేను డబ్బాలో పెట్టుకుంటి.

నేను: ఇదేనండీ. పోయినేడు కాయిల్, పంపు, కార్బొరేటర్ అన్నీ అయినాక మామకు దొరికిన తప్పు ఇదే పైపు. మళ్లా నాకే తగిలించినాడు.

[మామ పొద్దున విప్పి పెట్టిన మంచి పైపు, క్లిప్పులు బిగిస్తాడు. తెర మీద ఒక వాక్యం: "తాళంచెవి వేస్తే వెనక సీటు కింద రెండు సెకన్లు 'మ్‌మ్‌' అని వినిపించేవి ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న) బండ్లు, వాటి పైపుల్లో ప్రెషర్ ఉంటుంది, ఇట్ల విప్పొద్దు. చప్పుడు రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి."]

విప్పిన పైపులన్నీ బిగించినా, కాయిల్ వైరు తగిలించినా, ఒలికింది తుడిచి ఆరనిచ్చినా. గిన్నె ఖాళీ కాబట్టి వెంటనే అందుకోదు. ఐదు సెకన్లు కొట్టడం, ఆగడం. మళ్లా ఐదు.

[సెల్ఫ్. ఆగుతుంది. సెల్ఫ్. ఆగుతుంది. మూడోసారి ఇంజన్ ఒకసారి దగ్గి, అందుకుంటుంది.]

మామ: ఇంకో టీ చెప్పు అల్లుడా. ఇది చల్లారిపాయ.

[ఇంజన్ చప్పుడు మీద తెర నల్లబడుతుంది.]