రక్తంలో ఉన్నదెంత? (హనుమకొండలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బడి అయిపోయాక ఇక్కడికొచ్చిన టీచర్లకు, పని మానుకుని జనగామ, నర్సంపేటల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ముందుగా దండాలు.

"వాని నాయిన గుణమే వచ్చింది సార్, ఏం చేసినా మారడు." స్టాఫ్‌రూముల్లో ఈ మాట వినని టీచర్ ఉండరు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని సామెత కూడా చెప్తారు. సరే, దూడ చేలోకి పోయింది ఆవు రక్తం వల్లనా, ఆవు వెంట నడిచినందుకా? కవలల మీద, దత్తత పిల్లల మీద పరిశోధనలు చేసింది ఈ చిక్కు విప్పడానికే.

2002లో రీ, వాల్డ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి 51 అధ్యయనాలను కలిపి లెక్క తీశారు. సంఘవిరోధ ప్రవర్తనలో, అంటే ఇతరులను బాధపెట్టడం, నియమాలను లెక్కచేయకపోవడం లాంటి వాటిలో, మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు 40 శాతం జన్యువుల వల్ల, మిగతాది పెరిగిన పరిస్థితుల వల్ల అని తేలింది. ఇది జనాభా మొత్తం మీది లెక్క. మీ తొమ్మిదో తరగతి పిల్లగాని కోపంలో 40 పాళ్లు తండ్రిదని దీనర్థం కాదు.

అదే ఏడాది న్యూజిలాండ్‌లోని డునెడిన్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. మావో-ఎ అనే జన్యువు తక్కువగా పనిచేసే మగపిల్లల్లో, చిన్నప్పుడు హింసకు గురైనవాళ్లే పెద్దయ్యాక ఎక్కువగా దారి తప్పారు. అదే జన్యువుండి, హింస లేకుండా పెరిగినవాళ్లలో ఆ తేడా లేదు. పత్రికలు దీనికి 'యోధుల జన్యువు' అని పేరు పెట్టాయి, నాకైతే అది ఉత్త హడావుడి. ఏ ఒక్క జన్యువూ నేరస్థుణ్ని తయారు చేయదు. చిన్న చిన్న ప్రభావాలున్న జన్యువులు వందలకొద్దీ కలిసి పనిచేస్తాయి.

ఇంట్లో చూడండి. ముక్కోపి తండ్రి కొడుక్కి ఆ స్వభావమూ ఇస్తాడు, బెల్టు దెబ్బలూ ఇస్తాడు. కొడుకు మొండికేస్తే ఇంకా కొడతాడు. ఇందులో జన్యువెక్కడ ఆగింది, దెబ్బ ఎక్కడ మొదలైంది?

పదమూడు, పద్నాలుగేళ్లకు బడి ఎగ్గొట్టి తిరిగేవాళ్లలో చాలామంది తర్వాత దారిలో పడతారు. వాళ్ల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. చూసుకోవాల్సింది చాలా చిన్న వయసు నుంచే ఇతరులను బాధపెట్టి, తప్పు చేశానన్న బాధే లేని కొద్దిమందిని. బ్రిటన్‌లో ఏడేళ్ల కవలలపై 2005లో వచ్చిన అధ్యయనంలో ఇలాంటి పిల్లల ప్రవర్తనపై జన్యు ప్రభావం 81 శాతం, జాలిగుణం ఉన్న అల్లరి పిల్లల్లో 30 శాతం. మరి జన్యువు బలంగా ఉంటే చేతులెత్తేయాలా? అలా కాదు. వీళ్లకు శిక్ష పెద్దగా ఎక్కదు, మెప్పు ఎక్కుతుంది. కన్నతల్లి నుంచి ఈ జాలిలేని గుణం ముప్పు వచ్చిన పిల్లల్లో కూడా, పెంచిన తల్లి మెచ్చుకుంటూ పెంచితే అది తగ్గిందని దత్తత కుటుంబాల అధ్యయనం చూపింది.

ముద్ర వేయడం మనకు కొత్త కాదు. బ్రిటిష్ వాళ్లు తెచ్చిన 1871 నేరస్థ తెగల చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులంది. మన ఎరుకల వాళ్లూ ఆ ముద్ర మోశారు. చట్టం 1952లో పోయింది, చూపు ఇంకా పూర్తిగా పోలేదు. జన్యువుల పేరుతో మళ్లీ అదే పని చేయకండి. పద్దెనిమిదేళ్లు నిండకుండా డాక్టర్లే సంఘవిరోధ వ్యక్తిత్వమని నిర్ధారించరు.

మీ క్లాసులో అలాంటి పిల్లలుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పిల్లవాణ్ని తీసుకెళ్లేటప్పుడు తండ్రిని కూడా తీసుకెళ్లండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.