రోజుకో రూపాయి సైకిలు, జకార్తా బంగారం

అందరికీ నమస్కారం. గ్రౌండులోంచి నేరుగా వచ్చి, మోకాళ్లకు మట్టితోనే ముందు వరసలో కూర్చున్న పిల్లలకూ, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన పి.ఈ.టీ.లకూ మరోసారి నమస్కారం.

మన ఫుట్‌బాల్ జట్టు మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "బూట్లు లేకనే కదండీ 1950లో వరల్డ్ కప్‌కి పోలేదు?" ఈ కథ వినీ వినీ నాకు బాధేస్తుంది. జరిగింది వేరు. బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో మనకు ఆడకుండానే బ్రెజిల్ పిలుపు వచ్చింది. జట్టు ఎంపికలో గొడవలు, సాధనకు సమయం లేకపోవడం కారణాలని మన ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పింది. అసలు ఆ రోజుల్లో మనవాళ్ల దృష్టంతా ఒలింపిక్స్ మీదే. వరల్డ్ కప్ అంత పెద్దదవుతుందని ఎవరూ ఊహించలేదు. బూట్ల సంగతికొస్తే, 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది ఉత్తకాళ్లతోనే ఆడి ఫ్రాన్స్‌ను వణికించారు. రెండు పెనాల్టీలు చేజార్చుకుని 2-1తో ఓడారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాకే బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఆ పది గోల్స్ తిన్న జట్టే నాలుగేళ్లకు ఒలింపిక్ సెమీఫైనల్ ఎలా ఆడింది? ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. దానికి జవాబు మన హైదరాబాద్‌లో ఉంది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు రహీం సాబ్. ఉస్మానియాలో చదివి, బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలోని పెద్ద పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు తెచ్చింది. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో మనకు బంగారం వచ్చినప్పుడూ కోచ్ ఆయనే.

రహీం సాబ్ పిల్లలకు రెండు రకాల పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ పోవడం, చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇది తెలిశాక నేను మా జిల్లా పరిషత్ హైస్కూల్లో చేసి చూశాను. కుడికాలు తగిలితే ఫౌల్ అన్నాను. మొదటి రోజు గ్రౌండంతా నవ్వులే. బంతి ఒకవైపు, పిల్లలు ఒకవైపు. మా లెఫ్ట్ వింగ్‌లో ఆడే పిల్లాడు అలవాటు కొద్దీ కుడికాలు ఎత్తి, గాల్లోనే ఆపుకోబోయి బోర్లా పడ్డాడు. మూడో వారానికి అదే పిల్లాడు ఎడమకాలితో కార్నర్ నుంచి నేరుగా గోలు ముందుకు బంతి వేశాడు. వేసి, తన కాలినే తాను చూసుకున్నాడు. ఆ చూపు నాకింకా కళ్లలో ఉంది.

సికింద్రాబాద్ అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడు ఉండేవాడు. రహీం సాబ్ కంట్లో పడ్డాడు. రోజూ అంత దూరం నుంచి ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిల్ అద్దెకు రోజుకో రూపాయి తాను ఇస్తానన్నారు మాస్టారు. ఇరవయ్యేళ్లు నిండీ నిండకుండానే ఆ కుర్రాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వెళ్లాడు. అక్కడి జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికారుద్దీన్ అందరూ మనూరివాళ్లే. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడికి అదే మొదటిది. చివరికి నాలుగో స్థానం. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశాం, హంగరీకి 2-1 దాకా చెమటలు పట్టించాం. హంగరీ మీద ఆ గోలు అమ్ముగూడ బలరాందే.

ఇక 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్ మ్యాచ్‌లో మన స్టాపర్, అంటే వెనక డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్ తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. బయట గొడవలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వనప్పుడు వీటిని ఏషియన్ గేమ్స్ అనకూడదని మన ప్రతినిధి జి.డి. సోంధీ పట్టుబట్టడంతో జనం మన రాయబార కార్యాలయం మీదికి వచ్చిపడ్డారు. సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ కొరియాతోనే. సుమారు లక్ష మంది ప్రేక్షకులు మనవాళ్లను ఎగతాళి చేస్తుంటే, మన కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్లేనని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. రహీం సాబ్ జర్నైల్‌ను కూర్చోబెట్టలేదు. కుట్ల తలకు కట్టు కట్టించి, వెనకాల ఉండేవాణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. జ్వరం నుంచి కోలుకుంటున్న పీటర్ తంగరాజ్ గోలులో నిలబడ్డాడు, ఆయనా హైదరాబాద్‌లో పుట్టినవాడే. పి.కె. బెనర్జీ ఒకటి, కాసేపటికే జర్నైల్ ఇంకొకటి. కొరియా ఒకటి తిరిగిచ్చింది. 2-1. బంగారం మనది.

అప్పటికే మాస్టారికి క్యాన్సర్. ఏడాది తిరక్కుండా, 1963 జూన్ 11న పోయారు.

ఆ తర్వాత కథ తొందరగానే చెప్పొచ్చు, చెప్పడానికి మనసు రాదు గానీ. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో కాంస్యం. ఆసియా కప్‌లో మళ్లీ కనబడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. సునీల్ ఛేత్రి ఒక్కడు భుజాన మోసిన కాలం ఒకటుంది. 2019లో థాయిలాండ్‌ను 4-1తో కొట్టినప్పుడు నేనూ గంతులేశాను. 2024 జనవరి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లు, ఒక్క గోలు లేదు. పరుగెత్తే పిల్లలు మనకు ఏనాడూ కరువు కాలేదు. పన్నెండేళ్లకే వాళ్లను పట్టుకుని రెండు కాళ్లూ సరిచేసే మాస్టార్లు కరువయ్యారు. నేను పనిచేసిన బళ్లలో ఒకదాని గ్రౌండు ఇవాళ కార్ల పార్కింగు.

ఆడపిల్లల జట్టు సంగతి మాత్రం మనసు నింపుతోంది. 2025 జూలైలో థాయిలాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి, మొదటిసారి అర్హత పోటీల్లో గెలిచి ఆసియా కప్‌లో అడుగుపెట్టారు. నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య ఆ జట్టులో పిల్లే.

పిల్లలూ, రేపు పొద్దున ఆరింటికి పక్క గ్రౌండులో కలుద్దాం. ఎడమకాలి మ్యాచ్. ఎడమకాలి వాటం వాళ్లు కుడికాలితో ఆడండి. బూట్లు లేనివాళ్లు నాకు ఇప్పుడే చెప్పండి, మీ సైజు రాసుకుంటాను.