చేతిగొడ్డలి గుట్టు పెచ్చుల్లోనే ఉంది

యాంకర్: చేతిగొడ్డలి, అంటే ఆదిమానవులు చేత్తో పట్టుకుని వాడిన చెక్కిన రాతి పనిముట్టు, మాట వస్తే దక్షిణ ఇంగ్లండ్‌లోని బాక్స్‌గ్రోవ్‌కు ఇంత పేరెందుకు మేడమ్?

పురావస్తు పరిశోధకురాలు: అక్కడ సుమారు 5 లక్షల ఏళ్ల కిందటి నేల దాదాపు చెదరకుండా దొరికిందండి. మెత్తటి ఒండ్రు నెమ్మదిగా కప్పేయడంతో రాయిని చెక్కినప్పుడు ఊడిన పెచ్చులు పడినవి పడ్డట్టే ఉన్నాయి. గుర్రాన్ని కోసిన చోట ఆ పెచ్చుల్ని ఒకదానికొకటి అతికించి చూస్తే మధ్యలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీయే గొడ్డలి. చేసినవాళ్లు దాన్ని తీసుకెళ్లిపోయారు.

యాంకర్: అసలు చేయడం ఎలా సార్?

రాతి పనిముట్ల నిపుణుడు: ముందు రాయిని చూసుకోవాలి. చెకుముకి గడ్డను తడితే ఖంగుమనాలి. బొంగురుగా పలికిందంటే లోపల పగులుందని అర్థం, ఎక్కువగా మంచు వల్ల వచ్చినదే. తర్వాత గుండ్రటి గులకరాయితో అంచు మీద కొట్టి, పై సుద్ద తొక్కను తీసేస్తారు. ఒక వైపు పెచ్చు లేచిన గుంటే, రాయి తిప్పాక రెండో వైపు దెబ్బకు ఆధారం. ఆ అంచు కోణం 90 డిగ్రీల లోపు ఉండాలి, లేకపోతే పెచ్చు లేవదు.

యాంకర్: పలచన చేయడమే కష్టమంటారు?

నిపుణుడు: అసలు పనితనం అక్కడే. దుప్పి కొమ్ముతో కొట్టాలి. కొట్టే ముందు అంచును గరుకు రాయితో రుద్ది బలపరచాలి. రుద్దకపోతే అంచు పొడైపోతుంది, పెచ్చు పొట్టిగా తెగుతుంది. దెబ్బ బలం చాలకపోయినా, బయటికి లాగినట్టు పడినా పెచ్చు మధ్యలోనే ఆగి మెట్టు మిగులుతుంది. తర్వాతి పెచ్చులూ ఆ మెట్టు దగ్గరే ఆగుతాయి, నడుమ బొడిపె ఉండిపోతుంది. చివర్లో ఇంకో గండం: పలచబడ్డ రాయిని తొడకు ఆనించి పట్టుకోకపోతే అదురుకు రెండు ముక్కలవుతుంది.

పరిశోధకురాలు: కొమ్ము సుత్తి ఊహ కాదండోయ్. బాక్స్‌గ్రోవ్‌లో దొరికిన సుత్తిలో చెకుముకి తునకలు ఇరుక్కుని ఉన్నాయి. అక్కడి చాలా గొడ్డళ్లకు మొన దగ్గర పక్క నుంచి ఒకే దెబ్బతో పెచ్చు లేపి కొత్త పదును తెచ్చారు.

యాంకర్: అంటే ఆకారం ముందే మనసులో ఉందా?

పరిశోధకురాలు: అంత తేలిగ్గా ఒప్పుకోను. పదును పెట్టేకొద్దీ రూపం మారుతుంది.

నిపుణుడు: రూపం సంగతి పక్కన పెట్టండి. అంచు రుద్దినందువల్ల అప్పటికప్పుడు ఒరిగేదేమీ లేదు, అది తర్వాతి దెబ్బ కోసం. ముందుచూపుకు అంతకంటే సాక్ష్యమేం కావాలి? నేటి మనుషుల మెదడు స్కాన్లలోనూ, మామూలు పెచ్చులు కొట్టేటప్పటి కంటే చేతిగొడ్డలి చేసేటప్పుడు కుడి వైపు ముందు భాగం ఎక్కువ పనిచేసింది.

పరిశోధకురాలు: అది నేటి మెదడండీ, ఆనాటిది కాదు. రుద్దిన అంచు మాటైతే ఒప్పుకుంటాను.

యాంకర్: మన వైపు ఏ రాయి వాడారు?

పరిశోధకురాలు: ఎక్కువగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి మారి గట్టిపడ్డ రాయి. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మద్రాసు పక్కన పల్లావరంలో దొరికిన పనిముట్టూ ఆ రాయిదే. తమిళనాడులోని అత్తిరంపాక్కం పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్లనాటివి, బాక్స్‌గ్రోవ్ కంటే చాలా పాతవి.

నిపుణుడు: ఆ రాయి గరుకు, చెకుముకిలా సాఫీగా పగలదు. అందుకే చాలాచోట్ల బండ నుంచి ముందే పెద్ద పెచ్చు లేపి, దాని అంచులు మాత్రం సరిచేశారు. మందంగా ఉందని మొరటు పని అనేయకండి, ముందు రాయేదో చూడండి.