తెలిసినదాని భయం: ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వ రీతి

శ్రోతలకు నమస్కారం.

1936లో ఇంగ్లండులో తయారైన 'సాబొటేజ్' అనే చిత్రంలో ఒక పిల్లవాడు చంకలో ఒక పొట్లం పెట్టుకొని లండన్ వీధుల్లో నడిచి వెళుతుంటాడు. ఆ పొట్లంలో బాంబు ఉందనీ, అది మధ్యాహ్నం 1 గంట 45 నిమిషాలకు పేలుతుందనీ చూస్తున్న మనకు తెలుసు. మోస్తున్న పిల్లవాడికి తెలియదు. దారిలో టూత్‌పేస్ట్ అమ్ముకునే ఒక వ్యాపారి వాణ్ణి పిలిచి కూర్చోబెట్టి, నలుగురి ముందు వాడి పళ్లు తోమి చూపిస్తాడు. ఆ తరువాత ఊరేగింపు ఒకటి అడ్డం వస్తుంది. చివరికి బస్సు ఎక్కితే అది కదిలీ కదలకుండా సాగుతుంది. పిల్లవాడు పక్కనున్నవారి కుక్కపిల్లతో ఆడుకుంటూ ఉంటాడు, వీధి గడియారాల ముల్లు ముందుకు జరుగుతూ ఉంటుంది. ఆఖరికి బాంబు పేలుతుంది, పిల్లవాడు చనిపోతాడు.

ఈ చిత్రానికి దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. చాలా ఏళ్ల తరువాత, 1962లో, ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో హాలీవుడ్‌కు వచ్చి ఆయనతో సుదీర్ఘమైన సంభాషణలు జరిపినప్పుడు, ఆ పిల్లవాడి చేతికి బాంబు ఇవ్వడం తాను చేసిన పెద్ద పొరపాటని హిచ్‌కాక్ చెప్పారు. అంతసేపు ప్రేక్షకుణ్ణి ఆందోళనలో ఉంచిన తరువాత అతనికి ఊరట కలిగించాలనీ, ఆ ఊరట దక్కకపోతే ప్రేక్షకుడు దర్శకుణ్ణి క్షమించడనీ ఆయన అభిప్రాయం. ఆ సంభాషణల్లోనే ఆయన తన పద్ధతిని అందరికీ అర్థమయ్యే ఉదాహరణతో వివరించారు. ఇద్దరు వ్యక్తులు బల్ల దగ్గర కూర్చుని మామూలు కబుర్లు చెప్పుకుంటుండగా హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలితే ప్రేక్షకుడు 15 సెకన్లు ఉలిక్కిపడతాడు. అదే బాంబును ముందుగా ప్రేక్షకుడికి చూపించి, ఆ తరువాత అవే కబుర్లు వినిపిస్తే, 15 నిమిషాలపాటు అతను ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. మొదటిది ఆశ్చర్యం, రెండవది ఉత్కంఠ.

ఉత్కంఠ చిత్రమంటే హంతకుడెవరో ఆఖరి రీలు దాకా దాచిపెట్టడమేనని మనలో చాలామంది అనుకుంటారు. హిచ్‌కాక్‌కు అటువంటి కథలపై పెద్దగా ఆసక్తి లేదు, తన వృత్తిజీవితంలో అటువంటివి ఆయన అరుదుగానే తీశారు. ఏ సంగతి ఎవరికి తెలియాలి, ఎప్పుడు తెలియాలి అన్న లెక్క మీదనే 50కి పైగా చిత్రాలను నిర్మించిన దర్శకుడాయన. ఆయనను సస్పెన్స్ చక్రవర్తి అని పొగిడేవారు సైతం తరచుగా విస్మరించే సంగతి ఇదేనని నా అభిప్రాయం.

హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న లండన్ శివార్లలోని లేటన్‌స్టన్‌లో, కూరగాయల వ్యాపారం చేసే ఒక కాథలిక్ కుటుంబంలో పుట్టారు. జెస్యూట్ పాఠశాలలో చదువుకొని, టెలిగ్రాఫ్ తీగలు తయారుచేసే సంస్థలో ఉద్యోగంలో చేరి, అక్కడి ప్రకటనల విభాగంలో బొమ్మలు గీశారు. సినిమాలోకి ఆయన ప్రవేశం కూడా బొమ్మల ద్వారానే జరిగింది: ఇజ్లింగ్టన్‌లో ఒక అమెరికన్ సంస్థ తెరిచిన స్టూడియోలో మూకీ చిత్రాలకు, పాత్రల మాటలను తెర మీద రాతలో చూపే అక్షరాల పలకలు రూపొందించే పని దొరికింది. కూర్పు విభాగంలో పనిచేస్తున్న ఆల్మా రెవిల్‌తో పరిచయమైంది ఆ రోజుల్లోనే. ఆమె ఆయనకంటే ఒక్క రోజు చిన్న, అప్పటికే ఆ వృత్తిలో ఆయనకంటే అనుభవం ఉన్న మనిషి. 1926 డిసెంబరులో వారి వివాహం జరిగింది.

ఆ మధ్యలో 1924లో పని మీద జర్మనీ వెళ్లి, బెర్లిన్ దగ్గరి స్టూడియోలో జర్మన్ దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ చిత్రీకరణను దగ్గరగా గమనించడం ఆయనకు నిజమైన శిక్షణ అయింది. మాట సాయం లేకుండా, అక్షరాల పలకల అవసరం కూడా వీలైనంత తగ్గించి, కథంతా కెమెరాతోనే చెప్పవచ్చని అక్కడ ఆయన కళ్లారా చూశారు. 1927లో విడుదలైన 'ది లాడ్జర్'లో ఆ పాఠం కనిపిస్తుంది. అద్దెకు దిగిన అపరిచితుడు మేడమీద గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, కింద ఉన్నవారికి ఆ అడుగుల చప్పుడు వినబడుతోందని మూకీ చిత్రంలో ఎలా చెప్పాలి? హిచ్‌కాక్ మందపాటి గాజుతో నేల వేయించి, దాని మీద నటుణ్ణి నడిపించి, కింది నుంచి చిత్రీకరించారు. ఇంటివారు తలెత్తి చూసిన చోట పైకప్పు మాయమై, నడుస్తున్న పాదాలు కనిపిస్తాయి.

శబ్దం వచ్చాక ఆయన ఏం చేశారన్నది రేడియో వినే మీకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుందని నమ్ముతాను. 1929లో మూకీగా మొదలైన 'బ్లాక్‌మెయిల్' టాకీగా మారింది. కథానాయిక ఆనీ ఆండ్రాది విదేశీ యాస కావడం వల్ల, ఆమె పెదవులు కదుపుతుండగా కెమెరాకు కనబడకుండా నిలబడి మరో నటి అక్కడికక్కడే సంభాషణలు చెప్పింది, ఎందుకంటే తరువాత గొంతు కలిపే సౌకర్యం అప్పటికి లేదు. ఆ చిత్రంలో నాయిక తనపై అత్యాచారానికి దిగిన వ్యక్తిని రొట్టె కోసే కత్తితో పొడిచి చంపుతుంది. మర్నాడు ఉదయం ఫలహారాల బల్ల దగ్గర, పొరుగింటామె ఆ హత్య గురించి గలగలా మాట్లాడుతుంటుంది. క్రమంగా ఆమె మాటలన్నీ గొణుగుడుగా మారిపోయి, కత్తి అన్న ఒక్క మాట మాత్రమే స్పష్టంగా, మళ్లీ మళ్లీ చెవిన పడుతుంది. తండ్రి రొట్టె కోయమంటాడు. నాయిక చేతిలోని కత్తి ఎగిరి పడుతుంది. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఆమె రహస్యం తెలిసినది ఆమెకూ మనకే. టాకీల తొలి రోజుల్లోనే శబ్దాన్ని పాత్ర మనసులోంచి వినిపించిన ఈ ఘట్టం నేటికీ పాతబడలేదు.

1939లో నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ పిలుపు మీద ఆయన అమెరికా వెళ్లారు. అక్కడి తొలి చిత్రం 'రెబెకా'కు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది, కాని ఆ బహుమతి నిర్మాతకు చెందింది. ఉత్తమ దర్శకుడి పురస్కారానికి ఆయన పేరు అయిదుసార్లు పరిశీలనకు వచ్చినా ఒక్కసారి కూడా దక్కలేదు.

హాలీవుడ్ చిత్రాల్లో ఆయన లెక్క ఎంత పకడ్బందీగా పనిచేస్తుందో తెలుసుకోవడానికి 1946 నాటి 'నటోరియస్'లోని విందు ఘట్టాన్ని నేను ఎంచుకుంటాను. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ పోషించిన ఆలీషియా, అమెరికా ప్రభుత్వం తరఫున గూఢచారిగా, ఒక నాజీ మద్దతుదారుణ్ణి పెళ్లి చేసుకొని అతని ఇంట్లో ఉంటుంది. ద్రాక్షసారా నిలవ చేసే గది తాళంచెవిని ఆమె భర్త తాళాల గుత్తి నుంచి దొంగిలించింది. మేడ పైభాగం నుంచి మొదలైన కెమెరా, దిగువన హాలులో ఉన్న అతిథుల గుంపును మొత్తంగా చూపించి, ఎక్కడా తెగకుండా మెల్లగా కిందికి దిగుతూ వచ్చి, ఆమె పిడికిలిలోని తాళంచెవి మీద ఆగుతుంది. ఇంత పెద్ద సంబరంలో అసలు సంగతి ఇంత చిన్న వస్తువులో ఉందని ఒక్క షాట్‌లో, ఒక్క మాట లేకుండా చెప్పడం అది.

అయితే ఆ షాట్‌ను మెచ్చుకొని ఆగిపోయేవారు దాని తరువాత వచ్చేదాన్ని గమనించరు. అతిథులు షాంపేన్ తాగుతూనే ఉంటారు, మంచులో పెట్టిన సీసాలు ఒక్కొక్కటే తరిగిపోతుంటాయి. అవి అయిపోతే భర్త మరికొన్ని తేవడానికి ఆ గదికి వెళతాడు, వెళితే తాళంచెవి లేదని తెలిసిపోతుంది. గడియారం లేకుండానే హిచ్‌కాక్ ఆ సీసాలతో కాలాన్ని లెక్కపెట్టించారు. ఆ గదిలోని సీసాల్లో దాచినది యురేనియం ముడిఖనిజం. అది కాక మరేదైనా ఆ కథ నడుస్తుంది. పాత్రలు ప్రాణాలకు తెగించి వెదికేదీ, ప్రేక్షకుడు పెద్దగా పట్టించుకోనవసరం లేనిదీ అయిన ఇటువంటి వస్తువుకు ఆయన వాడిన పేరు 'మెక్‌గఫిన్'. ప్రేక్షకుడి మనసు యురేనియం మీద ఉండదు. భర్తను మోసగిస్తున్న, ప్రియుడి చేత అనుమానింపబడుతున్న ఆ స్త్రీ మీద ఉంటుంది.

1954లో వచ్చిన 'రియర్ విండో'లో కాలు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన ఫొటోగ్రాఫర్ కిటికీలోంచి ఎదుటి ఇళ్లను చూస్తుంటాడు. ఆ పెరడునూ చుట్టూ ఉన్న ఇళ్లనూ అంతటినీ స్టూడియోలోనే సెట్ వేశారు. చిత్రమంతా దాదాపుగా అతను చూసినదే మనం చూస్తాం. అయినా ఒక రాత్రి అతను కునుకు తీస్తున్నప్పుడు, అనుమానితుడు నల్లదుస్తుల స్త్రీతో కలిసి ఇంట్లోంచి బయటికి వెళ్లడం కెమెరా మనకు మాత్రమే చూపిస్తుంది. దాంతో, ఆ అనుమానితుడు తన భార్యను చంపాడన్న నాయకుడి వాదాన్ని మనం పూర్తిగా నమ్మలేకపోతాం, అలాగని వదులుకోలేం.

ఈ పద్ధతికి పరాకాష్ఠ 1958 నాటి 'వర్టిగో'. దానికి ఆధారమైన ఫ్రెంచి నవలలో అసలు రహస్యం చివరి దాకా బయటపడదు. హిచ్‌కాక్ మాత్రం కథ మూడింట రెండు వంతులు గడవగానే, నాయిక రాసే ఒక ఉత్తరం ద్వారా ఆ రహస్యాన్ని ప్రేక్షకుడికి చెప్పేశారు, నాయకుడికి చెప్పలేదు. తన చుట్టూ ఉన్నవారంతా ఈ మార్పును వ్యతిరేకించారని త్రూఫోతో ఆయనే అన్నారు. ఆ రహస్యం దాచి ఉంచితే ఆఖరున ఒక్కసారి విస్తుపోయేవాళ్లం. చెప్పడం వల్ల, నాయకుడు చనిపోయిందనుకున్న ప్రియురాలి రూపాన్ని ఎదుట ఉన్న స్త్రీ మీద బలవంతంగా రుద్దుతూ, దుస్తులూ జుట్టు రంగూ మార్పిస్తున్న ప్రతి నిమిషం, ఆమె పడే వేదన మనకు తెలుస్తుంది. ఎత్తులంటే అతనికున్న భయాన్ని చూపడానికి కెమెరాను వెనక్కి జరుపుతూ కటకాన్ని దగ్గరికి తెచ్చిన ప్రసిద్ధమైన షాట్ కోసం మెట్లదారి నమూనాను తయారుచేసి, పక్కకు పడుకోబెట్టి తీశారు. ఆ సాంకేతిక విశేషాన్ని అందరూ అనుకరించారు. ఉత్తరం రాయించిన ధైర్యాన్ని మాత్రం చాలా తక్కువమంది అనుసరించారు. విడుదలైనప్పుడు అంతంత మాత్రంగా ఆడి, తరువాత ఏళ్ల తరబడి ప్రదర్శనకు దొరకని ఆ చిత్రాన్ని, 2012లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పత్రిక నిర్వహించిన ఓటింగులో విమర్శకులు ప్రపంచంలోకెల్లా ఉత్తమ చిత్రంగా ఎన్నుకున్నారు.

మరి 1960 నాటి 'సైకో' మాటేమిటి, అది ఆశ్చర్యం మీదే కదా ఆధారపడింది అని మీరు అడగవచ్చు. ప్రముఖ తారను సగం సినిమా కాకముందే స్నానాల గదిలో చంపేయడం నిజంగా ఎవరూ ఊహించనిదే. సినిమా మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వకూడదని ఆయన పట్టుబట్టినది అందుకే. సుమారు 8 లక్షల డాలర్లతో, తన టెలివిజన్ ధారావాహిక సిబ్బందితో, నలుపు తెలుపుల్లో తీసిన ఆ చిత్రంలో, ముక్కాలు నిమిషం ఉండే ఆ హత్య చిత్రీకరణకు వారం రోజులు పట్టింది. అక్కడ సంగీతమే వద్దని ఆయన మొదట అనుకున్నారు. స్వరకర్త బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యాలతో మాత్రమే కూర్చిన సంగీతాన్ని విన్న తరువాత మనసు మార్చుకున్నారు. కాని ఆ హత్య తరువాత వచ్చే నిశ్శబ్ద ఘట్టం నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెడుతుంది. ఆ హత్య జరిగిన మోటెల్‌ను నడిపే యువకుడు నార్మన్ గదంతా కడిగి, శవాన్ని కారులో పెట్టి, ఆ కారును బురదగుంటలోకి తోస్తాడు. కారు సగం మునిగి ఆగిపోతుంది. అతని ముఖంలో ఆందోళన. ఆ క్షణంలో అది మునిగిపోతే బాగుండునని ప్రేక్షకుడు కోరుకుంటాడు. మనకు తెలిసినదాన్ని ఉపయోగించి, మనల్ని ఎవరి పక్షాన నిలబెట్టాలో ఆయనే నిర్ణయించారు.

ఈ కళకు మరో ముఖం కూడా ఉంది, దాన్ని దాటవేసి ప్రశంస ఒక్కటే పలకడం న్యాయం కాదు. 1963 నాటి 'ది బర్డ్స్'లో పక్షుల దాడి ఘట్టానికి యంత్రపు పక్షులు వాడతామని చెప్పి, నిజమైన పక్షులను అయిదు రోజులపాటు తనపైకి విసిరించారనీ, ఆ తరువాతి కాలంలో హిచ్‌కాక్ తనను లైంగికంగా వేధించారనీ నటి టిప్పీ హెడ్రెన్ 2016లో ప్రచురించిన ఆత్మకథలో రాశారు. తెర మీద స్త్రీల భయాన్ని అంత సూక్ష్మంగా చూపిన దర్శకుడి చిత్రాలను ఇప్పుడు చూసేటప్పుడు, ఆమె మాటలను కూడా గుర్తుంచుకొని చూడాలి.

ఆయన చివరి దశ క్షీణించడానికి కారణం వయసు మాత్రమే కాదు. కూర్పరి జార్జ్ తొమాసిని 1964లో మరణించారు, 1966లో హెర్మన్‌తో తెగతెంపులయ్యాయి, 1951 నుంచి దాదాపు ప్రతి చిత్రానికీ ఛాయాగ్రాహకుడిగా ఉన్న రాబర్ట్ బర్క్స్ 1968లో మరణించారు. వీరు లేకుండా ఆయన తీసిన చిత్రాల్లో 1972 నాటి 'ఫ్రెంజీ' ఒక్కటే పాత శక్తికి దగ్గరగా వచ్చింది. ఆల్మా మాత్రం చివరి దాకా ఆయన పక్కనే ఉన్నారు. 1979లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ జీవన సాఫల్య పురస్కారం అందుకుంటూ, తాను నలుగురికి రుణపడి ఉన్నానని, వారు ఒక కూర్పరి, ఒక రచయిత్రి, తన కుమార్తెకు తల్లి, అద్భుతమైన వంటగత్తె అని, ఆ నలుగురి పేరూ ఆల్మా రెవిల్ అని ఆయన చెప్పారు. 1980 ఏప్రిల్ 29న లాస్ ఏంజిలిస్‌లోని స్వగృహంలో కన్నుమూశారు.

ఆయన చిత్రాలు ఇంతవరకు చూడనివారు 'సైకో'తో మొదలుపెట్టకపోవడం మంచిదని నా సూచన. 1943 నాటి 'షాడో ఆఫ్ ఎ డౌట్'తో ప్రారంభించండి. కాలిఫోర్నియాలోని సాంటా రోసా అనే చిన్న ఊరిలో, అందరూ ప్రేమించే మేనమామ ఇంటికి వస్తాడు. అతనిపై పిచ్చి అభిమానం పెంచుకున్న మేనకోడలికి అతని సంగతి మెల్లమెల్లగా తెలుస్తుంది, కాని తల్లికీ పోలీసులకూ చెప్పలేకపోతుంది. భోజనాల బల్ల దగ్గర ఆ ఇద్దరి చూపులను గమనించండి. ఆ తరువాత 'నటోరియస్', ఆ తరువాత 'రియర్ విండో' చూసి, అప్పుడు 'వర్టిగో'కు వెళ్లండి.

నమస్కారం.