మొదటి ప్రోగ్రామింగ్ పుస్తకం: జాబితాలు చూసి కొనకండి

నమస్తే అండీ. "ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుంది, ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?" ఇవాళ ఈ ప్రశ్న గురించి మాట్లాడుకుందాం.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. కొత్తలో "తప్పక చదవాల్సిన పుస్తకాలు" అని ఒక జాబితా చూసి, అందులో అన్నిటికంటే గొప్ప పేరున్నది కొనేశాను. డానల్డ్ క్నూత్ రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్', మొదటి సంపుటం. 1968లో మొదటిసారి అచ్చయింది. తెరిస్తే మొదటి అధ్యాయంలోనే బోలెడు గణితం. ప్రతి అభ్యాసానికీ, ఎంత కష్టమో తెలిసేలా, 0 నుంచి 50 దాకా ఒక అంకె వేశాడాయన. 50 అంటే ఇంకా సరిగ్గా తేలని పరిశోధన సమస్య. 10 అంటే నిమిషంలో అయిపోవాలి. ఆ 10 లెక్కకి నాకు ఒక సాయంత్రం పట్టింది. మర్నాడు పుస్తకం అల్మరాలోకి వెళ్ళిపోయింది.

పుస్తకంలో లోపం లేదండీ. ఆ జాబితాలు రాసేది పని బాగా వచ్చినవాళ్ళు. మూడో ఏటో ఐదో ఏటో తమ కళ్ళు తెరిపించిన పుస్తకం పేరు చెప్తారు. మొదట్లో తడుముకుంటూ చదివిన సాదాసీదా పుస్తకం వాళ్ళకి గుర్తుండదు. గుర్తున్నా, చెప్పుకోవడానికి కాస్త నామోషీ!

సి అనే ప్రోగ్రామింగ్ భాష మీద కెర్నిగన్, రిచీ కలిసి రాసిన పుస్తకమే చూడండి. 1978లో వచ్చింది, మూడొందల పేజీలు కూడా ఉండదు. సన్నగా ఉంది కదా, సులువే అనుకుంటాం. కానీ ఇది ప్రోగ్రామింగ్‌లో తొలిపాఠం కాదనీ, వేరియబుల్ (విలువకి పెట్టుకునే పేరు), లూప్ (ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించడం), ఫంక్షన్ (పేరు పెట్టి వాడుకునే కోడ్ ముక్క) అంటే కాస్త తెలిసుండాలనీ రచయితలే ముందుమాటలో చెప్పారు. ముందుమాట ఎవరు చదువుతారు? ఐదో అధ్యాయంలో పాయింటర్లు (మెమరీలో విలువ ఎక్కడుందో చెప్పే చిరునామాలు) వచ్చాక గానీ తెలిసిరాదు.

మరి దేనితో మొదలుపెట్టాలి? నన్నడిగితే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో అంటాను. ఆలెన్ డౌనీ రాసిన 'థింక్ పైథాన్' ఒకటుంది. రచయితే నెట్‌లో ఉచితంగా పెట్టారు, దొంగ పీడీఎఫ్‌లు వెతకక్కర్లేదు. దాంట్లో నాకు నచ్చింది, అధ్యాయం చివర డీబగింగ్ (ప్రోగ్రాంలో తప్పులు వెతికి సరిచేయడం) గురించి విడిగా ఒక భాగం ఉండటం. చాలా పుస్తకాల్లో ప్రోగ్రాం ఎప్పుడూ తప్పుల్లేకుండా నడిచేస్తుంది. మన దగ్గర మాత్రం నాలుగో లైన్‌లోనే ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఏం చూడాలో చెప్పని పుస్తకంతో టెన్షన్ తప్ప ఏం మిగలదు.

ఫైళ్ళ పేర్లు మార్చడం, ఎక్సెల్ షీట్లు సర్దడం లాంటి పనులు కంప్యూటర్ చేత చేయించాలనుకుంటే అల్ స్వైగార్ట్ రాసిన 'ఆటోమేట్ ది బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్' చూడండి. అదీ నెట్‌లో ఉచితమే.

ఎవరైనా పాత పైథాన్ పుస్తకం ఇస్తే ఒక్కటి చూసుకోండి. ప్రింట్ అన్న మాట పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2, అంటే ఆ భాష పాత వెర్షన్. దానికి 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది. మర్యాదగా తిరిగి ఇచ్చేయండి.

కంప్యూటర్ సైన్స్ సంగతి వేరు. అది కోడ్ రాయడమొక్కటే కాదు, ఈ యంత్రం అసలెలా ఆలోచిస్తుందో తెలుసుకోవడం. దీనికి చార్లెస్ పెట్‌జోల్డ్ రాసిన 'కోడ్' బాగుంటుంది. టార్చ్‌లైట్‌తో, మోర్స్ కోడ్‌తో మొదలుపెట్టి, స్విచ్చుల్లాంటి రిలేలు పేర్చుకుంటూ కంప్యూటర్ దాకా తీసుకెళ్తాడు. పడుకుని చదువుకోవచ్చు, కీబోర్డ్ అక్కర్లేదు. అల్గారిథమ్‌ల (సమస్యని అంచెలంచెలుగా తేల్చే పద్ధతుల) మీద వెయ్యి పేజీలు దాటిన పుస్తకాలుంటాయి, వాటిని ఇప్పుడు ముట్టుకోకండి.

పుస్తకం మీకు సరిపోతుందో లేదో తెలుసుకోవాలంటే మొదటి రెండు అధ్యాయాలు చదివి, మూసేసి, అందులోని ప్రోగ్రాంని చూడకుండా రాయండి. రాకపోతే మళ్ళీ చదవండి. మూడోసారీ రాకపోతే పుస్తకం మార్చేయండి. రచయిత ఏమీ అనుకోడు. ఒకేసారి నాలుగు మాత్రం తెరవకండి. నాలుగింటిలోనూ లూప్‌ల దగ్గరే ఆగిపోతారు.

క్నూత్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఈమధ్యే మళ్ళీ తీశాను. 25 అంకె ఉన్న లెక్క ఒకటి చేస్తున్నా, ఇంకా తెమల్లేదు.