ఈలండ్: వినిపిస్తుంది, కనిపిస్తుంది, చిక్కదు

[దృశ్యం: నమీబియా పొదల మైదానం, తెల్లవారుజాము. తెరపై జంతువు లేదు. టక్, టక్ అనే శబ్దం మాత్రమే.]

వ్యాఖ్యాత: ఈ చప్పుడు ఆఫ్రికాలో తిరిగే భారీ జింక, ఈలండ్, అందులో మగదాని నడకది. ముందుకాలి మోకీలు దగ్గర స్నాయువు ఎముక మీదుగా జారి, మీటిన తీగలా మోగుతుందని పరిశోధకుల అంచనా. వందల మీటర్ల దూరం వినిపిస్తుంది. కెన్యాలో చేసిన అధ్యయనం ఒకటి 2008లో వెలువడింది. దాని ప్రకారం, ఒళ్లు పెద్దదైన కొద్దీ ఈ స్వరం మంద్రమవుతుందట. పోటీకి వచ్చిన మగది ఎదుటివాడి బలాన్ని చెవులతోనే అంచనా వేసుకుని తప్పుకోవచ్చు. కొమ్ములతో కుమ్ముకోవడం కంటే తెలివైన పద్ధతే!

[దృశ్యం: మంద. కెమెరా ఒక ముసలి మగదాని మీద ఆగుతుంది.]

దక్షిణాఫ్రికా, నమీబియాలలో అనుమతితో వేటాడేవారు ముందుగా నేర్చుకునేది మగ, ఆడ తేడా. కొమ్ములు రెండింటికీ ఉంటాయి. పైగా ఆడవాటివే తరచు పొడవు. కాబట్టి కొమ్ముల పొడవు చూసి తుపాకీ ఎత్తేవాడు మోసపోతాడు. మెడ కింద వేలాడే గంగడోలు, నుదుట గుబురుగా పెరిగిన జుట్టు, వయసుతో నీలిబూడిద రంగుకు తిరిగిన మెడ చూడాలి. పెద్ద మగది 900 కిలోల దాకా తూగుతుంది. మన మనుబోతుకు ఇది దూరపు చుట్టమే, కాని బరువు మూడింతలు.

ఇంత బరువుందని మందకొడి అనుకోవద్దు. నిలువెత్తు కంచెను అవలీలగా దూకుతుంది. పరుగులో మిగతా జింకలకు సాటిరాదు, నిజమే. వేటగాణ్ణి ఓడించేది దాని దుడుకు నడక, అంటే నడకకూ పరుగుకూ మధ్య వేగం. మనిషి వాసన తగిలితే చాలు, మంద అదే నడకతో మైళ్లకు మైళ్లు సాగిపోతుంది. అందుకే గాలికి ఎదురుగా వెళ్లాలి. జాడ పట్టేవారు గిట్టల గుర్తులతో పాటు ఆకుల కోసం అది కొమ్ములతో విరిచిన కొమ్మలనూ చూస్తారు. విరిగిన చోట తడి ఆరకపోతే మంద దగ్గరలోనే ఉన్నట్టు.

[దృశ్యం: దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్స్‌బర్గ్ కొండగుహల్లో శాన్ ప్రజలు గీసిన ఈలండ్ బొమ్మలు.]

ఈ జంతువును ఇక్కడి ఆదిమ వేటగాళ్లైన శాన్ ప్రజల కంటే బాగా ఎరిగినవారు లేరనే నా నమ్మకం. వాళ్ల బాణాలకు పూసేది ఒక రకం పెంకుపురుగు లార్వా విషం. అది ఇంత పెద్ద శరీరంలో మెల్లగా పాకుతుంది. బాణం తగిలాక కూడా వేటగాడు చాలాసేపు, ఒక్కోసారి మర్నాటి దాకా, జాడ వెంట నడవాల్సిందే. దక్కినప్పుడు మాంసంతో పాటు కొవ్వూ దొరుకుతుంది. బక్కపలచని జింకల మధ్య ఈలండ్‌కు వాళ్లిచ్చే విలువలో ఆ కొవ్వుకు పెద్ద వాటా ఉంది.