కంపెనీ వదిలేసిన సాఫ్ట్‌వేర్‌ని మనం తీసుకుంటే, లైసెన్స్ సంగతేంటి?

నమస్కారం. ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో ఇంజినీరింగ్ చదువుతూ, కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు ఈ వీడియో తప్పకుండా చూడాలి.

పలాస జీడి ఫ్యాక్టరీల కోసం ఒక చిన్న కంపెనీ ప్రోగ్రాం రాసిందనుకుందాం. ఎవరు ఎన్ని కేజీల పిక్కలు ఒలిచారు, అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, శనివారం చేతికెంత ఇవ్వాలి, అన్నీ అందులోనే. కోడ్‌ని జీపీఎల్ లైసెన్స్ కింద బయట పెట్టింది. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ మార్చింది ఇంకొకరికి ఇస్తే కోడ్‌తో సహా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. కొన్నాళ్లకి కంపెనీ చేతులెత్తేసింది. ఫ్యాక్టరీలు మాత్రం ఇంకా దాన్నే వాడుతున్నాయి. "ఇక మేం చూసుకుంటాం" అని మీ బ్యాచ్ ముందుకొచ్చింది.

చూసుకోవచ్చా? నిక్షేపంగా. జీపీఎల్ కింద ఒకసారి ఇచ్చిన వెర్షన్‌ని, మీరు షరతులు పాటించినంతకాలం, ఎవరూ వెనక్కి లాక్కోలేరు. చిక్కులన్నీ ఆ తర్వాతే.

[స్క్రీన్ మీద: కోడ్ వచ్చింది. పేరు వచ్చిందా?]

పనస దుంగ తెచ్చుకుని వీణ ఎవరైనా చెక్కుకోవచ్చు. దాన్ని బొబ్బిలి వీణ అని అమ్ముతానంటే కుదరదు, ఆ పేరుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే రక్షణ, ఉంది. సాఫ్ట్‌వేర్ పేరూ అంతే. మన కాలేజీ లైబ్రరీల్లో పుస్తకాల లెక్కలు చూసే కోహా అనే సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. 1999లో న్యూజిలాండ్‌లో హొరోవెనువా లైబ్రరీ ట్రస్టు కోసం పుట్టింది, జీపీఎల్ కిందే విడుదలైంది. తర్వాత ఒక అమెరికా కంపెనీ ఆ పేరును న్యూజిలాండ్‌లోనే ట్రేడ్‌మార్క్ చేయించుకోవడానికి దరఖాస్తు పెట్టింది. కోడ్ అందరిదీ అయినా, పేరు కాపాడుకోవడానికి ఆ ట్రస్టు పోరాడాల్సి వచ్చింది. చివరికి గెలిచింది.

[స్క్రీన్ మీద: లైసెన్స్ మార్చాలంటే?]

అసలు కష్టం ఇక్కడుంది. ఎవరు రాసిన కోడ్ మీద వాళ్లకే కాపీరైట్. చదువైపోయి బెంగళూరు వెళ్లిపోయిన సీనియర్ రాసిన నలభై లైన్లు ఇప్పటికీ ఆయనవే. వీఎల్‌సీ ప్లేయర్ వాళ్లు 2011, 2012ల్లో జీపీఎల్ నుంచి, షరతులు కాస్త సడలించిన ఎల్‌జీపీఎల్‌కి మారాలనుకున్నప్పుడు, ఎప్పుడో కోడ్ ఇచ్చి వెళ్లిపోయిన వందలమందిని వెతికి పట్టుకుని ఒప్పుకోలు తీసుకున్నారు.

మన చట్టం కూడా చూద్దాం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికే చెందుతుంది. అంటే జీతమిచ్చే కంపెనీ పనిలో రాసిన కోడ్‌ని ఆ ఉద్యోగి తనదని మీకిస్తే చెల్లదు. 19వ సెక్షన్ ఇంకా ముఖ్యం. కాపీరైట్ బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. నోటిమాట పనికిరాదు. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లే అనుకుంటారు, ఏ దేశాలకో రాయకపోతే ఇండియా వరకే. తెలియక ఒక్క ముక్క రాయడం మర్చిపోతే ఆరో ఏడు పేచీ తప్పదు.

అలాగని హక్కులన్నీ ఒక్క సంస్థకి రాసిచ్చేయడం నాకు ససేమిరా ఇష్టంలేదు. లైసెన్స్ మార్చే తాళం ఒక్కరి చేతిలో ఉంటే ఏమవుతుందో 2023 ఆగస్టులో చూశాం. హాషికార్ప్ అనే కంపెనీ, సర్వర్లని కోడ్‌తో ఏర్పాటు చేసే తన టెర్రాఫామ్ ప్రోగ్రాంని, ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి, తనకి పోటీ వ్యాపారానికి వాడకూడదనే బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కి మార్చేసింది. వాడేవాళ్లు పాత ఎంపీఎల్ కోడ్ తీసుకుని ఓపెన్‌టోఫు మొదలుపెట్టారు. 2024 ఏప్రిల్‌లో, మా కొత్త కోడ్ కాపీ కొట్టారంటూ హాషికార్ప్ నోటీసు పంపింది. ఓపెన్‌టోఫు ఏ లైను పాత కోడ్‌లో ఎక్కడినుంచి వచ్చిందో వరుసగా చూపించి జవాబిచ్చింది. అందుకే ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో నమోదు చేసే గిట్ చరిత్రని చెరపకండి. కంపెనీ తర్వాత కొత్త లైసెన్స్‌తో వదిలిన వెర్షన్‌ని చూసి మీ ఫీచర్ రాయకండి. ఎవరి కాపీరైట్ వాళ్ల దగ్గరే ఉండనిచ్చి, ప్రతి మార్పు కింద "ఇది నేనే రాశాను, ఇచ్చే హక్కు నాకుంది" అని సంతకం లైను పెట్టించండి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయలాంటి లినక్స్ కెర్నల్ రాసేవాళ్లు చేసేది అదే.

ఇంకో చిన్న పని. ఫైలు పైభాగాన "జీపీఎల్ వెర్షన్ 2" అని మాత్రమే ఉందా, "లేదా ఆ తర్వాతిది" అనికూడా ఉందా చూడండి. రెండో ముక్క లేకపోతే వెర్షన్ 3 కోడ్‌ని అందులో కలపలేరు.

పలాస కంపెనీ విషయానికొస్తే, ఆఫీసుకి తాళం పడేలోపు వెళ్లండి. పేరు, లోగో వాడుకోవచ్చని కాగితం మీద సంతకం చేయించుకోండి. డొమైన్ ఎవరి ఖాతాలో ఉందో, రెన్యూవల్ ఎప్పుడో కూడా ఆ రోజే అడిగేయండి.